సైదమ్మ ఉలి

మా అత్త సైదమ్మ ఆరేళ్లు నాతో మాట్లాడలేదు. కోపం వల్ల కాదు, మర్యాద వల్ల. మా వాళ్లలో అత్త అల్లుడి ఎదుట మంచం మీద కూర్చోదు, ముఖంలోకి చూసి మాట్లాడదు. చెప్పాల్సింది ఏదైనా కూతురికి చెబుతుంది, అల్లుడు పక్కనే నిలబడి వింటున్నా సరే.

"స్వరూపా, మీ ఆయినెను అన్నం తినమను."

"స్వరూపా, మీ ఆయినె అంగికి మసి అంటింది సూడు."

నేనూ అట్లాగే జవాబిచ్చేవాడిని. మా ఇద్దరి మధ్య తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ నా భార్య స్వరూప మెడ నొప్పి పుడుతోందనేది.

రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడు, యాసంగి వరి కోతలప్పుడు మా అత్త మొదటిసారి నాతో నేరుగా మాట్లాడింది. మూడే మూడు మాటలు. అవి ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

హాలియాలో పెట్రోలు బంకు దాటాక రోడ్డు మీదే నా మెకానిక్ దుకాణం. ముందు గది దుకాణం, వెనక రెండు గదులు ఇల్లు. చప్పుడు విని బండి రోగం చెప్పేస్తానని నాకు ఊళ్లో పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని స్వరూప అంటుంది. మాది రాళ్లు కొట్టిన వంశం. మా నాయిన బావులు తవ్వి, బండలు పగలగొట్టి, చివరికి ఊపిరాడని దమ్ము రోగంతో పోయాడు. నేను చేతిలోకి పానా తీసుకుని ఆ రాళ్ల నుంచి బయటపడ్డానని లోపల ఒక గర్వం ఉండేది. నర్సింహ అంటే మెకానిక్ నర్సింహ అనాలి, ఒడ్డె నర్సింహ అనొద్దు.

మామ పోయాక మా ఇంటికి వచ్చిన అత్త మాత్రం రాయిని వదల్లేదు. విసుర్రాయి అరిగి నున్నబడితే పప్పు పగలదు, పిండి పడదు. ఉలితో రాయి ముఖం మీద సన్నగా గంట్లు పెట్టాలి. దాన్నే కక్కు కొట్టడం అంటారు. మిక్సీలు వచ్చినా ఆ పని పూర్తిగా పోలేదు. ఎండాకాలం పెండ్లిళ్లలో పసుపు దంచడానికి రోలు, పప్పు విసరడానికి విసుర్రాయి కావాల్సిందే. అందుకని ఎండలు ముదిరాయంటే మా అత్త కొంగు నెత్తిన కప్పుకుని, సంచిలో నాలుగు ఉలులు, ఒక సుత్తె వేసుకుని బయల్దేరేది.

"రోళ్లకు, ఇసుర్రాళ్లకు కక్కు కొడ్తమమ్మా!"

గొంతు బస్టాండు దాకా వినబడేది. ఒకరోజు గిరాకీలు నలుగురు కూర్చుని ఉండగా ఆ కేక మా దుకాణం ముందు నుంచే పోయింది. "నీ అత్తేనా నర్సింహా?" అని ఒకడు నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లోకి పోయి స్వరూప మీద ఎగిరాను.

"మీ అమ్మకు చెప్పు. నా దుకాణం ముంగట గా కేకలేంది? మనకేం తిండి లేదా?"

అత్త పక్క గదిలోనే ఉంది. స్వరూప ఆమెకు మళ్లీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ మర్నాటి నుంచి ఆమె పిలుస్తూ వచ్చి పెట్రోలు బంకు దగ్గర ఆపేసేది. మా దుకాణం ముందు తలొంచుకుని నడిచేది. కిరాణం మూల తిరిగాక మళ్లీ పిలిచేది. నాకు అది బాగానే ఉండేది. ఇప్పుడు చెబుతుంటే సిగ్గవుతోంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆమె సంచిలోంచి ఒక సన్న ఉలి నేను ఎప్పుడో తీసుకున్నాను, ఏదో గొలుసు లాకు ఊడగొట్టడానికి. తిరిగి ఇవ్వలేదు. ఆమె అడగలేదు.

*

దివాకర్ ఆ ఏడు మా మండలంలో వడ్ల కొనుగోలు సెంటరులో పనికి కుదిరాడు. రైతులు పోసిన కుప్పల్లో తేమ ఎంత ఉందో మిషనుతో చూసి చెప్పే పని. ముప్పయ్యేళ్ల మనిషికి అదే మొదటి ఉద్యోగం. చిన్నప్పుడు మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి కాళ్లు రెండూ వంకర్లు పోయాయి. ఉన్న ఒక్క కొడుకూ ఇట్లా అయ్యాక తండ్రి గాలయ్య కాలువ నీళ్లున్న చోటుకని మా దిక్కు వలస వచ్చాడు. బడికైనా, దవాఖానకైనా, జాతరకైనా కొడుకును వీపు మీదే మోశాడు. దివాకర్‌కు మీసాలు వచ్చాక కూడా మోశాడు.

అయిదేళ్ల కింద నేనే ఒక పాత బండికి పక్క చక్రాలు రెండు బిగించి, గేర్లు, బ్రేకులు చేతికి వచ్చేటట్టు మార్చి, వీపు ఆనేందుకు సీటుకు వెనక ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించి ఇచ్చాను. ఇంటి అరుగుకు ఆనించి పెడితే దివాకర్ తనంతట తానే సీటు మీదికి జరిగేవాడు. దాని మీద కూర్చున్న మొదటిరోజే తండ్రితో చెప్పాడట, "బాపూ, ఇగ నీ ఈపు ఎక్క. సచ్చినా ఎక్క" అని. సెంటరులో కూడా బండి దిగేవాడు కాదు. మిషను ఒడిలో పెట్టుకుని కుప్ప నుంచి కుప్పకు నడుపుకుంటూ పోయేవాడు. కాళ్లున్నవాళ్ల కన్నా వేగంగా పని చేస్తున్నాడని సెంటరు నడిపించే సుగుణమ్మ అందరితో చెప్పేది.

కోతలు జోరు మీదున్న రోజున బండి తెచ్చాడు.

"నర్సింహన్నా, హెడ్డు కాడ ఆయిలు కారుతాంది. గుంజుత లేదు. పొద్దుగాల మళ్ల సెంటరుకు పోవాలె."

"గిదేం పని తమ్మీ. నాలుగు గంటలు గొట్టంగ నీ బండి నీకిస్త" అన్నాను. గొప్పకు పోయాను.

ఇంజను పై భాగాన్ని నాలుగు పొడుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. మూడు వచ్చాయి. నాలుగోది కదల్లేదు. ఆ బండి కాలువ గట్టు మీద, పొలం నీళ్లలో తిరిగేది. నీళ్లు దిగి లోపల ఇనుమూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. డీజిలు పోసి రాత్రంతా వదిలేస్తే చాలు. పని నేర్చుకునే పిల్లలకు నేను చెప్పే మొదటి మాటే అది. కానీ నాలుగు గొట్టంగ ఇస్తానన్నాను కదా. పానాకు గజం పొడుగు పైపు తొడిగి, కాలు తన్నిపెట్టి, బరువంతా వేశాను.

టక్కుమంది.

పానా తేలిగ్గా చేతిలోకి వచ్చింది. సగం బోల్టు దానితో పాటు వచ్చింది. మిగతా సగం లోపలే ఉండిపోయింది.

"ఊడిందా అన్నా?" బల్ల మీద కూర్చున్న దివాకర్ అడిగాడు.

"ఇరిగింది."

అతను నేను పరాచికాలాడుతున్నానని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపాడు.

పొద్దుగుంకే వేళ గాలయ్య వచ్చాడు. అరవై అయిదేళ్ల మనిషి. ఇంజను వైపు కూడా చూడలేదు. బల్ల ముందుకు వచ్చి వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నడుం వంచాడు.

"ఎక్కు బిడ్డా."

దివాకర్ కదల్లేదు. రోడ్డు మీద రెండు లారీలు పోయాయి. గాలయ్య వంగే ఉన్నాడు. చివరికి దివాకర్ కళ్లు మూసుకుని తండ్రి మెడ చుట్టూ చేతులు వేశాడు. వాళ్లు బంకు దాకా పోయేదాకా నేను చూడలేక చూడలేక చూశాను.

*

మర్నాడు డ్రిల్లు పెట్టాను. బిట్టు గట్టి ఇనుము మీద నిలవక పక్కకు జారి మెత్తటి అల్యూమినియం మీద గీత పెట్టింది. ఇంకో వెంట్రుకవాసి జారితే ఆ రంధ్రం మళ్లీ ఏ బోల్టునూ పట్టదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వెల్డింగ్ ఇస్రాయేలు వచ్చి టార్చి వేసి చూశాడు. ముక్క అంచుకు సమానంగా విరిగింది. "నట్టు అతికిద్దామంటె పట్టుకోనీకి ఏమున్నదన్నా?" అని పోయాడు. నల్గొండలో లేతు మిషను అతను, ఇంజను వదిలిపెట్టి పొమ్మన్నాడు, పదిహేను రోజులు పడుతుందన్నాడు. పదిహేను రోజుల్లో కోతలే అయిపోతాయి. ఆ పాత బండికి వేరే ఇంజను కోసం మిర్యాలగూడ దాకా అడిగాను, దొరకలేదు.

దివాకర్‌ను రోజూ ఆటోలో పంపిస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"ఆటోల ఎక్కియ్యాలన్నా ఒగలు ఎత్తాలె, దించాలన్నా ఎత్తాలె. కుప్ప కుప్పకు ఎవలు మోస్తరన్నా? ఎవలెత్తినా ఎత్తుడే గద. మా బాపే నయం."

పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి వాళ్లిద్దరూ మా దుకాణం ముందు నుంచే పోయేవాళ్లు. నేను ఏదో ఒక చక్రం చాటున వంగేవాణ్ణి. సెంటరులో గాలయ్య కొడుకును మోస్తూ కుప్పల మధ్య తిరుగుతున్నాడని దుకాణానికి వచ్చిన రైతులు చెప్పేవారు. నాలుగోరోజు గాలయ్య వడ్ల కుప్ప పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడట. కొడుకును మాత్రం కింద పడనివ్వలేదు. సుగుణమ్మ మంచి మనిషే. అయినా ఎంతకని చూస్తుంది? సోమవారం దాకా బండి రాకపోతే వేరే పిల్లగాణ్ణి పెట్టుకుంటానని కబురు చేసింది.

ఆ రోజు శనివారం. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను కానీ ముద్ద దిగలేదు. తలుపు చాటు నుంచి అత్త గొంతు వినబడింది.

"స్వరూపా, మీ ఆయినెను అడుగు. ఆ ఇరిగిన తునక నేను జర సూడొచ్చునా?"

నాకు ఒళ్లు మండింది. "మీ అమ్మకు చెప్పు. గది రోలు గాదు, ఇంజను."

"స్వరూపా, రోలు గాదని ఎరుకేనని చెప్పు."

స్వరూప నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు నేను లేచి దుకాణంలోకి నడిచాను.

ఇంజను అప్పటికే బండి నుంచి దించి పీట మీద పెట్టి ఉంది. అత్త కొంగు కణతల దాకా లాక్కుని, నాకు వీపు పెట్టి కూర్చుని రంధ్రంలోకి చూసింది. వేలి కొసతో ముక్క మీద రాసింది. తర్వాత నా పనిముట్ల డబ్బా వైపు చెయ్యి చాపి, అడుగున ఉన్న సన్న ఉలిని బయటికి తీసింది. నా దెబ్బలకు దాని తల చితికి గొడుగులా విచ్చుకుని ఉంది. కొస మొద్దుబారింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆమె గడప రాయి మీద ఇన్ని నీళ్లు చల్లి దాన్ని నూరడం మొదలుపెట్టింది. అరగంట నూరింది.

"స్వరూపా, సుట్టూరా ఎచ్చజెయ్యమను. తునకకు మాత్రం సెగ తగులొద్దను. ఐసు గడ్డ తెప్పియ్యమను."

"ఐసు దేనికని అడుగు" అన్నాను.

"బండ కింద మంట వెట్టి మీద నీళ్లు సల్లుతరు గద, మీ నాయిన గట్లనే ఇడిపిచ్చేటోడని చెప్పు. సుట్టున్నది ఉబ్బాలె, నడుమది ముడుసుకోవాలె."

నా చేతులు ఆగిపోయాయి. పదిహేనేళ్లుగా వేడి పెడుతున్నాను. రెండిటినీ కలిపి కాల్చేవాణ్ణి. ఒకటి ఉబ్బితే రెండోదీ ఉబ్బుతుందన్న సంగతి నాకు ఎందుకు తట్టలేదు?

అప్పుడు స్వరూప కొంగుతో చెమట తుడుచుకుని లేచింది. "నా పప్పు పొయ్యి మీద మాడుతాంది. ఇగ మీరు మీరు మాట్లాడుకోన్రి" అని లోపలికి పోయింది.

దుకాణంలో ఇద్దరమే మిగిలాం. బయట ఎండ తెల్లగా మండుతోంది. నేను లోపలికి ఏమీ రాలకుండా ఇంజను ఖాళీల్లో తడి గుడ్డలు కుక్కి, చుట్టూ మంట తిప్పాను. మంట తీశాక ఆమె ఐసు గడ్డను విరిగిన బోల్టు ముక్క మీద ఆనించి పట్టుకుంది. వేళ్లు ఎర్రబడ్డా తీయలేదు. తర్వాత ఇంజనును నేల మీదికి దింపుకుని విసుర్రాయిని పట్టుకున్నట్టు రెండు పాదాల మధ్య ఇరికించుకుంది. ఉలి కొసను రంధ్రంలోకి పెట్టబోయి ఆగింది. నా నీడ పడి లోపలంతా చీకటిగా ఉంది.

"లైటు గిటు వట్టు" అంది.

ఎవరితో అందోనని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఫోను లైటు వేసి పట్టుకున్నాను.

"ఇది ఎటు తిరిగితె ఊడుతది?"

వేలిని గాలిలో ఎడమకు తిప్పి చూపించాను. ఆమె తల ఊపి, ఆ పెన్సిలంత లావు ముక్క అంచు మీద ఒక గంటు పెట్టింది. నిలువుగా కాదు, ఏటవాలుగా. తర్వాత ఆ గంటులో ఉలి కొస ఆనించి కొట్టసాగింది.

అట్లాంటి కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు. సుత్తె జానెడు కూడా లేవలేదు. భుజం కదల్లేదు, మోచెయ్యి కదల్లేదు. మణికట్టు ఒక్కటే ఆడుతోంది. టిక్ టిక్ టిక్ మని ఒకే బరువు, ఒకే ఎడం. కాసేపటికి ఆపి, ఐసు ఆనించి, తల వంచి చెవి దగ్గరగా పెట్టి, మళ్లీ రెండు దెబ్బలు వేసేది.

"గట్టిగ కొడ్తె ఇంకింత గుంజుకుంటది" అంది, చెయ్యి ఆపకుండానే. "మెల్లగ సతాయిచ్చుకుంట పోతె దానికే ఇసుగొచ్చి ఇడుస్తది."

మూడుసార్లు వేడి చేశాను. మూడు ఐసు గడ్డలు కరిగాయి. నా చెయ్యి తిమ్మిరెక్కింది. డెబ్బయి దగ్గరపడుతున్న ఆమె చెయ్యి మాత్రం మొదట్లో ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఎండ గడప మీది నుంచి బల్ల మీదికి, బల్ల మీది నుంచి గోడ మీదికి పాకింది. అప్పుడు ఆమె సుత్తె ఆపింది.

"ఇన్నవా?"

"ఏంది?"

"ఇందాక మూగగ ఉండె. ఇప్పుడు పలుకుతాంది."

మళ్లీ కొట్టింది. చప్పుడు విని బండి రోగం చెప్పే నర్సింహను కదా, చెవి రిక్కించి విన్నాను. ముందు నాకేమీ తెలియలేదు. ఆమె కోసం ఊపిరి బిగబట్టి విన్నాను. అప్పుడు వినబడింది. టిక్కుల వెనక సన్నటి గణగణ. ఎక్కడో లోపల ఇనుము ఒంటరిదైన చప్పుడు.

గంటు జరిగింది. నువ్వుగింజంత. నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమోనని కళ్లు నులుముకుని చూశాను. ఇంకో నువ్వుగింజంత జరిగింది. ఆమె తొందరపడలేదు. ఒక్క దెబ్బ కూడా పెద్దది వేయలేదు. ఆ ముక్క నెమ్మదిగా, తనకు తానే లేచి వస్తున్నట్టు, తిరుగుతూ తిరుగుతూ పైకి వచ్చింది. అంచు దాటాక ఆమె ఉలి పక్కన పెట్టి, రెండు వేళ్లతో దాన్ని తిప్పి తీసి నా అరచేతిలో పెట్టింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. రంధ్రంలో మరలు ఒక్కటీ చెడలేదు.

నాకు ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. ఏళ్లతరబడి ఆ చెయ్యి మా ఇంట్లోనే ఉంది. అది రోళ్లకే పనికొస్తుందని నేను అనుకున్నాను.

ఆమె కొంగు సర్దుకుని లేచింది. "స్వరూపా, మీ ఆయినెను చేతులు కడుక్కొమ్మను. పొద్దటి సంది మెతుకు ముట్టలె."

"నువ్వే చెప్పు!" లోపలి నుంచి స్వరూప అరిచింది.

*

సోమవారం పొద్దున ఏడింటికి గాలయ్య కొడుకును మోసుకుంటూ వచ్చాడు. ఆదివారం కొత్త బోల్టు వేసి ఇంజను బిగించిన బండిని బల్లకు ఆనించి పెట్టి ఉంచాను. దివాకర్ బల్ల మీది నుంచి సీటు మీదికి జరిగాడు. మీట నొక్కగానే ఇంజను అందుకుంది. అతను చాలాసేపు దాని చప్పుడే వింటూ కూర్చున్నాడు.

గాలయ్య ఇంకా అట్లాగే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడి ఉన్నాడు. వీపు మీద బరువు దిగిందని ఆయనకు ఇంకా తెలియనట్టుంది.

దివాకర్ చెయ్యి చాపి తండ్రి భుజం తాకాడు.

"నడుం లేపు బాపూ. ఇగ సాలు."

గాలయ్య మెల్లగా లేచాడు. దివాకర్ సెంటరు దిక్కు మళ్లాడు. తండ్రి రోడ్డు మధ్యకు వచ్చి బండి కనబడినంతసేపూ చూశాడు, కనబడకపోయాక కూడా చూశాడు. తర్వాత ఆ ముక్కను ఎవరు తీశారని అడిగాడు. మా అత్త అని చెప్పాను. ఆయన మా ఇంటి తలుపు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. తలుపు వెనక ఎవరూ లేరు. అత్త పొద్దున్నే పెండ్లి ఇంటికి రోలుకు కక్కు కొట్టడానికి పోయింది.

తొమ్మిదింటికి ఆమె కేక బంకు అవతలి నుంచి వినబడింది. రోజులాగే బంకు దగ్గర ఆగిపోయింది. దుకాణంలో గిరాకీలు అయిదారుగురు ఉన్నారు. నేను పానా కింద పెట్టి రోడ్డు మీదికి నడిచాను. ఆమె తలొంచుకుని, మా దుకాణం ముందు తొందరగా దాటిపోవాలని అడుగులు వేస్తూ వస్తోంది.

"అత్తా, ఆపకు. గీడ గూడ పిలువు" అన్నాను, అందరికీ వినబడేటట్టు.

ఆమె గబుక్కున కొంగు ముందుకు లాక్కుంది. నా వైపు చూడకుండా గడపలో నిలబడ్డ కూతురితో అంది, "స్వరూపా, మీ ఆయినె ఏమంటుండే?"

"పిలువమంటుండు అమ్మా" అంది స్వరూప.

అత్త సంచి ఇంకో భుజానికి మార్చుకుంది. మా దుకాణం ముందు, నా బోర్డు కింద నిలబడి గొంతెత్తింది.

"రోళ్లకు, ఇసుర్రాళ్లకు కక్కు కొడ్తమమ్మా!"